శ్వాసగొట్టం చరిత్ర: జలాంతర్గామి నుంచి ఈతకొలను వరకు – విశాఖపట్నం నేపథ్యం

ఉపోద్ఘాతం

దుర్యోధనుడు జలస్తంభన విద్యతో ద్వైపాయన హ్రదంలో దాగిన భారతఘట్టం తెలుగువారికి సుపరిచితం. నీటిలో ఉండి ఊపిరి నిలుపుకోవాలన్న కోరిక ఇతిహాసంలో విద్యగా కనిపిస్తే, చరిత్రలో గొట్టం రూపం దాల్చింది. క్రీ.పూ. 4వ శతాబ్దిలోనే అరిస్టాటిల్ ఏనుగు తొండాన్ని నీట మునిగేవారి శ్వాససాధనంతో పోల్చాడు. నేడు స్నార్కెల్ అని పిలుస్తున్న ఈ సాధనం ఈత సాధకునికి ఏమి ఇస్తుందో, ఏమి ఇవ్వలేదో విశాఖపట్నం నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జలాంతర్గామి స్నార్కెల్

స్నార్కెల్ అనే మాట జర్మన్ భాష నుంచి వచ్చింది. 1930లలో డచ్ నౌకాదళం జలాంతర్గాములకు గాలిగొట్టం అమర్చింది. 1940లో నెదర్లాండ్స్‌ను ఆక్రమించిన జర్మనీ ఆ పరిజ్ఞానాన్ని చేజిక్కించుకొని, 1943-44లో తన యూ-బోట్లలో వినియోగించింది. డీజిల్ ఇంజిన్ నడవాలంటే గాలి కావాలి. గొట్టం లేని జలాంతర్గామి బ్యాటరీల చార్జింగ్ కోసం నీటిపైకి తేలి శత్రువు కంట పడక తప్పదు.

విశాఖ రామకృష్ణా బీచ్‌లోని ఐఎన్ఎస్ కుర్సురా ఈ తరానికి చెందినదే. 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరిన ఈ సోవియట్ నిర్మిత డీజిల్-విద్యుత్ జలాంతర్గామి 2001లో సేవల నుంచి వైదొలగి, 2002 ఆగస్టులో మ్యూజియంగా మారింది.

ఈతకొలను స్నార్కెల్

ఇంజిన్‌కు ఉన్న బలం మనిషి ఛాతీకి లేదు. మీటరు లోతున నీరు కలిగించే అదనపు ఒత్తిడి వాతావరణ పీడనంలో సుమారు పదో వంతు. దానికి ఎదురొడ్డి పైనుంచి గాలి లాగడం శ్వాసకండరాలకు దుర్భరం. పైగా గొట్టం పొడవు పెరిగేకొద్దీ విడిచిన గాలే మళ్లీ లోనికి వస్తుంది. అందువల్ల ఈతగాని స్నార్కెల్ పొట్టిది. 1959లో ఏర్పడిన ప్రపంచ అంతర్జల క్రీడాసమాఖ్య సీఎంఏఎస్ నియమాల్లో దాని పొడవు 43-48 సెంటీమీటర్లు. 1976లో హానోవర్‌లో తొలి ప్రపంచ పోటీలు జరుపుకున్న ఫిన్ స్విమ్మింగ్‌లో, నీటి ఉపరితలంపై సాగే పందాలకు ఇది తప్పనిసరి సాధనం.

కొలనులో ఈ చివరి నుంచి ఆ చివరికి పలుమార్లు ఈదేవారు వాడేది ముఖం మధ్యగా నుదుటి మీదుగా సాగే గొట్టం. ఊపిరికై తల తిప్పే పని తప్పడంతో దేహం తిన్నగా ఉందా, రెండు చేతులూ సమంగా నీటిని లాగుతున్నాయా అన్న విషయాలపై దృష్టి నిలుస్తుంది. అయితే ఫ్రీస్టైల్‌లో దేహభ్రమణంతో పాటు తల తిప్పి, లయ తప్పక శ్వాసించడమూ నేర్వవలసిన నైపుణ్యమే. గొట్టంతో సాగించే సాధనలో అది అలవడదు. వరల్డ్ అక్వాటిక్స్ ఈత పోటీల్లో వేగానికి, తేలడానికి, సత్తువకు తోడ్పడే పరికరాలు నిషిద్ధం కనుక పందెంనాడు ఈతగాడు ఆ నైపుణ్యంపైనే ఆధారపడాలి.

ముగింపు

జలాంతర్గామికి స్నార్కెల్ యుద్ధసమయంలోనే అక్కరకు వచ్చింది. ఈత పోటీదారుకు సాధనకే పరిమితమైంది. శ్వాససమస్యను పక్కనపెట్టి చేతుల, దేహపు లోపాలను విడిగా గుర్తించడానికి అది ఉపకరిస్తుంది. ఆ లోపాలు సరిదిద్దుకున్నాక అదే దూరాన్ని గొట్టం లేకుండా ఈదినప్పుడే ఆ సాధన ఫలం తేలుతుంది. కనుక శిక్షణలో ఈ రెండు విధాలకూ చోటుండాలి.