ఒత్రారు మజిలీ

ఆ బిడారు ఒత్రారు దాటి పోలేదని మనకు ముందే తెలుసు. తెలిసి కూడా, 1218 నాటి ఆ దారిని తలుచుకున్నప్పుడల్లా ఆ ఒంటెలు ఇంకాస్త మెల్లగా నడిస్తే బాగుండునని, ఆ కోట బురుజులు ఇంకొన్నాళ్లు కంటపడకుంటే బాగుండునని మనసు కొట్టుకుంటుంది.

ఇప్పటి కజకిస్తాన్ దక్షిణాన, అరీస్ నది సిర్ దర్యాలో కలిసే చోటికి దగ్గర్లో ఒత్రారు ఉండేది. నదికి ఆవలి దిక్కున కిజిల్ కుమ్ ఎడారి. ఉత్తరాన ఎంత దూరం పోయినా తరగని గడ్డి మైదానాలు. తత్వవేత్త అల్ ఫారాబీ పేరులోని ఫారాబ్ ఈ సీమే. ఇసుకలో నడిచి నడిచి నోరెండిన బాటసారికి ఇక్కడ కాలువ నీళ్లున్నాయి, పశువుకు మేత ఉంది, తలదాచుకోను చోటుంది. కాశీమజిలీ కథల్లో గురుశిష్యులు ఎక్కడ దిగినా కథ చెప్పుకొని, మర్నాడు మూట సర్దుకొని బయలుదేరతారు. దారినపోయే వారికి ఊరు ఇచ్చే మాట అంతే కదా, క్షేమంగా పంపిస్తానని.

చెంఘిజ్ ఖాన్ పంపిన బిడారు అది. ఐదు వందల ఒంటెలు, సుమారు 450 మంది మనుషులు. బంగారం, వెండి, చీనా పట్టు, మేలిరకం బొచ్చుతోళ్లు. ఒత్రారును ఏలుతున్న ఖ్వారజ్మ్ సుల్తాన్ అలావుద్దీన్ మహమ్మద్‌తో అప్పటికే రాయబారాలు నడిచాయి, సంధి కుదిరింది. వచ్చినవారు దాదాపు అందరూ ముస్లింలు, సుల్తాను మతస్థులే. బిడారు పెద్దలు నలుగురిలో ఉమర్ ఖ్వాజా ఒత్రారు మనిషే. మిగిలినవారికి అది మజిలీ, అతనికి సొంత ఊరు.

కోట పాలకుడు ఇనాల్చుక్, గాయిర్ ఖాన్ అన్నది బిరుదు. రాజమాత తెర్కెన్ ఖాతూన్‌కు దగ్గరి బంధువు. బిడారులో ఒక భారతీయుడు ఉన్నాడని చరిత్రకారుడు జువైనీ రాశాడు. పాత పరిచయం కొద్దీ అతను పాలకుణ్ణి బిరుదుతో కాక ఉత్త పేరుతో పిలిచాడట. ఎంత దూరం నుంచి వచ్చి ఉంటాడో ఆ మనిషి! పరాయి చోట తెలిసిన ముఖం కనబడితే ఎవరికి ప్రాణం లేచిరాదు? ఆ చనువే పాలకుడికి అవమానంగా తోచింది. దానికి ఆ సొమ్ము మీది ఆశ తోడైంది. వీళ్లు వర్తకులు కారు, వేగులు అని సుల్తానుకు కబురు పెట్టాడు.

వెనక్కి తిరగడానికి అక్కడ ఒక దారి ఉంది. ఉత్తరం పోయి జవాబు వచ్చేదాకా వర్తకులు బందీలే అయినా బతికే ఉన్నారు. సుల్తాను ఒక్క రాత్రి ఆలోచిస్తే సరిపోయేది. ఆలోచించకుండానే చంపమన్నాడని జువైనీ అంటాడు. కనిపెట్టి ఉండమంటే పాలకుడే తెగించాడని ఇంకొక కథనం. ఏది నిజమైనా అందరినీ చంపారు. ఒక్కడు మాత్రం తప్పించుకొని ఆ వార్త మోసుకుపోయాడు.

అప్పుడూ అంతా అయిపోలేదు. చెంఘిజ్ ఖాన్ వెంటనే దండెత్తలేదు. తప్పు చేసినవాణ్ణి అప్పగించమని ముగ్గురు దూతలను పంపాడు. తల్లి బంధుగణాన్నీ, వారి చేతిలోని సేననూ కాదనే ధైర్యం సుల్తానుకు లేకపోయింది. పాలకుణ్ణి అప్పగించకపోతే పోనీ, దూతలనైనా మర్యాదగా సాగనంపవలసింది. ఒకణ్ణి చంపించి, ఇద్దరి గడ్డాలు గొరిగించి పంపాడు. రెండో అలెగ్జాండర్ అనిపించుకున్న ప్రభువు! ఈ చోటుకు వచ్చేసరికి నాకు కోపం కంటే దుఃఖమే ఎక్కువ వస్తుంది.

1219 శరత్కాలంలో మంగోలులు వచ్చారు. చెంఘిజ్ ఖాన్ కొడుకులు చగతాయ్, ఒగెదెయ్ ఒత్రారు చుట్టూ దిగారు. లొంగితే తనకు ప్రాణభిక్ష లేదని ఎరిగిన గాయిర్ ఖాన్ ఐదు నెలలు నిలబడ్డాడు. ఊరు పడ్డాక లోపలి కోటలో మరో నెల పోరాడాడు. బాణాలు అయిపోయాక మేడ కప్పు మీద నిలబడి, ఆడపిల్లలు అందించే ఇటుకలు విసిరాడట. ఆ పట్టుదలలో వీసమెత్తు ఓర్పుగా మారి, ఆ ఉత్తరం రాసేనాడు చేయి పట్టుకొని ఉంటే! అతణ్ణి ప్రాణాలతో పట్టుకొని, సమర్‌ఖండ్ దగ్గర చంపారు. బుఖారా, సమర్‌ఖండ్, గుర్గంజ్, మెర్వ్ ఒకదాని వెనక ఒకటి కూలాయి. సుల్తాను కాస్పియన్ సముద్రంలోని ఒక చిన్న దీవిలో, దిక్కులేక పోయాడు.

ఊరు ఆ తర్వాత మళ్లీ లేచింది. 1405లో తైమూర్ ప్రాణం విడిచింది అక్కడే. చివరికి జనం పోయి మట్టిదిబ్బగా మిగిలింది.

నేను మరవలేనిది 1220 నాటి జనాన్ని. ఆడా మగా అందరినీ ఊరి బయటి మైదానంలోకి తోలి ఇళ్లు దోచుకున్నారు. కత్తికి బలికాక మిగిలిన చేతిపనివాళ్లనూ మామూలు జనాన్నీ వెట్టికి తోలుకుపోయారు. వారెవరూ వర్తకుల సొమ్ము ముట్టినవారు కారు, వేగులని ఉత్తరం రాసినవారు కారు. ఉమర్ ఖ్వాజా అయినవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉండి ఉంటే, వారూ ఆ గుంపులోనే నడిచి ఉండాలి, తమవాడి చావుకు పగ తీర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేతిలో బందీలై.