భూసారంలో సూక్ష్మజీవుల పాత్ర

నేలను సారవంతం చేయడంలో బాక్టీరియా, శిలీంధ్రాలు, శైవలాలు మొదలైన సూక్ష్మజీవులు ముఖ్య పాత్ర వహిస్తాయి. సారవంతమైన మట్టి ఒక గ్రాములో కోట్ల సంఖ్యలో బాక్టీరియా ఉంటాయి. ఇవి సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టి, అందులోని పోషకాలను మొక్కల వేళ్ళు పీల్చుకోగల రూపంలోకి మారుస్తాయి. కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వంటి వర్షాధార మెట్ట భూములలో వీటి ప్రాముఖ్యత మరీ ఎక్కువ.

నత్రజని స్థాపన

గాలిలో సుమారు 78 శాతం నత్రజని ఉన్నప్పటికీ మొక్కలు దానిని నేరుగా వినియోగించుకోలేవు. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలలో నివసించే రైజోబియం వర్గపు బాక్టీరియా ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు అందిస్తాయి. ప్రతిఫలంగా మొక్క నుండి పిండిపదార్థాలను పొందుతాయి. డచ్చి శాస్త్రవేత్త బైజెరింక్ 1888లో వీటిని బుడిపెల నుండి వేరుచేశాడు.

ఈ ప్రాంతంలో ఎర్రనేలల్లో ఖరీఫ్‌లో వేరుశనగను, నల్లరేగడి నేలల్లో రబీలో శనగను పండిస్తారు. వేరుశనగకు తోడ్పడేది బ్రాడీరైజోబియం, శనగకు తోడ్పడేది మీసోరైజోబియం. అందుచేత ఒకదానికి తయారుచేసిన కల్చరు మరొకదానికి పనికిరాదు. బుడిపెను కోసినపుడు లోపల గులాబీ రంగు కనిపిస్తే అది చురుకుగా పనిచేస్తున్నదని గ్రహించవచ్చు. లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థం ఈ రంగుకు కారణం.

భాస్వరం లభ్యత

నల్లరేగడి నేలల్లో సాధారణంగా సున్నపు పాలు ఎక్కువ. అందువలన ఎరువుగా వేసిన భాస్వరంలో చాలా భాగం కాల్షియంతో కలిసి కరగని రూపంలో నిలిచిపోతుంది. బాసిల్లస్, సూడోమోనాస్ ప్రజాతులకు చెందిన కొన్ని బాక్టీరియా సేంద్రియ ఆమ్లాలను విడుదల చేసి దీనిని కొంతవరకు కరిగిస్తాయి. ప్రత్తి, జొన్న వేళ్ళతో సహజీవనం చేసే మైకోరైజా శిలీంధ్రాలు తమ సన్నని పోగుల ద్వారా, వేళ్ళకు అందని చోట ఉన్న భాస్వరాన్ని సైతం మొక్కకు చేరుస్తాయి.

కల్చరు వాడకం

రైజోబియం కల్చరును బెల్లం నీటితో విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. ఎండ తగిలినా, నేలలో పదును లేకపోయినా బాక్టీరియా చాలావరకు చనిపోతాయి. శిలీంధ్రనాశక మందులను ముందుగా పట్టించి, కల్చరును చివరగా పట్టించాలి.

మెట్ట నేలల సమస్య

నేలలోని అధిక సూక్ష్మజీవులకు సేంద్రియ కర్బనమే ఆహారం. భూసార పరీక్షలలో ఇది 0.5 శాతం కంటే తక్కువ ఉంటే అల్పంగా పరిగణిస్తారు. అధిక ఉష్ణోగ్రత వలన మెట్ట నేలల్లో కర్బనం త్వరగా తరిగిపోతుంది. ప్రత్తి కట్టెను కాల్చివేయడం, వేరుశనగ కట్టెను మేతకు తరలించి పశువుల ఎరువును తిరిగి పొలానికి చేర్చకపోవడం ఈ నష్టాన్ని పెంచుతాయి. ఆహారం, తేమ లేని నేలలో బయటి నుండి వేసిన కల్చరు కూడా ఎక్కువ కాలం నిలువదు. కాబట్టి జీవన ఎరువులు సేంద్రియ ఎరువుకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కావు.