ఇంటి కాపలాకి తుపాకీ: ఎవరికి ఇచ్చారు, ఎవరి దగ్గర తీసుకున్నారు

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా హాస్టల్ రూములో నలుగురం ఉంటాం. నలుగురివీ పాడేరు, చింతపల్లి వైపు ఊళ్ళే. పోయిన వారం ఒకడు ఫోన్లో అమెరికా వీడియో ఒకటి చూపించాడు. ఇంట్లోకి దొంగ వస్తే ఏ తుపాకీ మంచిది, మంచం పక్కన పెట్టుకోవాలా, తాళం వేసి దాచాలా, గుమ్మానికి ఎలాంటి గడియ ఉండాలి అని ఒకాయన చెప్తున్నాడు, సంతలో చొక్కాలు ఏరుకున్నట్టు. మేం నవ్వుకున్నాం. అప్పుడు మాలోనే ఒకడు "మా తాతకీ ఉండేది రా తుపాకీ" అన్నాడు. ఇంక ఆ రాత్రి పన్నెండు దాకా అదే మాట. తర్వాత లైబ్రరీలో కూర్చుని దొరికింది చదివాం.

ఆ తాతది నాటు తుపాకీ. గొట్టం మూతిలోంచి మందు కూరి కాల్చే రకం. ఇంట్లో రెండు మేకుల మీద వేలాడుతూ ఉండేదట. దొంగల కోసం కాదు. మా ఊళ్ళలో దోచుకుపోడానికి ఏముంది? పోడులో సామలు కంకి మీద ఉన్నప్పుడు అడవిపందుల కోసం, దారిలో ఎలుగు ఎదురైతే బెదిరించడం కోసం, ఇటుకల పండక్కి వేట కోసం. ఒకసారి పోలీసులు ఊళ్ళోకొచ్చి, నాటు తుపాకులు ఉన్నవాళ్ళు అప్పగిస్తే కేసులుండవు అన్నారు. తాత ఇచ్చేశాడు. చేతికి ఒక కాగితం ముక్క కూడా రాలేదు.

ఈ కథ వెనక్కి పోతే చాలా దూరం పోతుంది. మన్యంలో మొదట్లో కాపలా మన చేతిలోనే ఉండేది. ముఠాదారులు ఉండేవాళ్ళు కదా, వాళ్ళకి భూమి మీద హక్కుతో పాటు ఒక బాధ్యత కూడా ఉండేది: తమ ముఠాలో శాంతి కాపాడాలి, గొడవలైతే సర్కారుకి కబురు చెయ్యాలి, సాయం పోవాలి. అంటే ఘాట్లనీ ఊళ్ళనీ కాసింది కొండవాళ్ళే. తర్వాత కింద నుంచి పోలీసులు వచ్చారు, స్టేషన్లు వచ్చాయి. కాపలా వాళ్ళ చేతికి పోయింది.

1878లో లార్డ్ లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకీ పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. ఇల్లు అందరికీ ఉంటుంది, దాన్ని కాచుకునే హక్కు మాత్రం ఒంటి రంగును బట్టి. మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప తిరుగుబాటు మొదలైంది. ఈ చట్టం వల్లే మొదలైందని మేం అనడం లేదు. మన్సబుదారు దోపిడీ, కల్లు మీద పన్ను, షావుకార్ల అప్పులు, అవీ కారణాలు. కానీ మనవాళ్ళు ముందు ఎక్కడికి పోయారో చూడండి. చోడవరం పోలీసుల మీదికి. చంద్రయ్య అయితే అడ్డతీగల స్టేషన్ తగలబెట్టాడు.

నలభై మూడేళ్ళ తర్వాత మళ్ళీ అదే దారి. ఈసారి అడవి చట్టాలు, పోడు మీద నిషేధం, నర్సీపట్నం నుంచి వేసే రోడ్డుకి కూలి ఎగ్గొట్టి చేయించిన చాకిరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, 2500 పైచిలుకు తూటాలు. మాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. సీతారామరాజు ఏమేం తీసుకున్నాడో స్టేషన్ పుస్తకంలో రాసి సంతకం పెట్టి మరీ తీసుకున్నాడు. తాత తుపాకీకి రసీదు లేదని చెప్పాం కదా. మావాడు అది చదివి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ తుపాకులతోనే సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులు పడిపోయారు. ముందు నడిచిన దేశీ పోలీసుల్ని పోనిచ్చి వెనకవాళ్ళనే కాల్చారు. తర్వాత సర్కారు కూడా తెలివి తెచ్చుకుంది. అక్టోబరులో మనవాళ్ళు అడ్డతీగల వెళ్ళేసరికి ఆయుధాలు ముందే తప్పించేశారు. మలబార్ పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దించారు. 26 తుపాకులు ఎన్నాళ్ళు ఆగుతాయి? 1924 మే 7న రాజుని కాల్చేశారు.

ఇప్పుడు కూర్గ్ సంగతి వినండి. కొడవలకీ, అక్కడ జమ్మా భూమి ఉన్నవాళ్ళకీ తుపాకీ లైసెన్సు అక్కర్లేదు. ఆ మినహాయింపు ఆంగ్లేయుల కాలం నాటిది, సర్కారు వైపు నిలబడ్డారని 1861లో ఇచ్చింది. ఈనాటికీ నడుస్తోంది, 2019లో కేంద్రం 2029 దాకా పొడిగించింది. వాళ్ళు కైల్‌పోద్ పండక్కి తుపాకీలకి పూలు పెట్టి పూజ చేస్తారు. వాళ్ళ మీద మాకేం కోపం లేదు. కాకపోతే మన ఇటుకల పండక్కి నాటు తుపాకీ పట్టుకుంటే అది కేసు. చట్టంలో 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీ దగ్గరుంటే తక్కువలో తక్కువ రెండేళ్ళు జైలు.

మాకు అసలు ఆశ్చర్యం వేసింది 1959 చట్టం చదువుతుంటే. పంట కాపలా కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని 13వ సెక్షన్‌లో ఉంది. అచ్చం తాత తుపాకీలాంటిదే! అప్పగించమని చెప్పడానికి జీపులో వచ్చారు. దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పడానికి ఎవరూ రాలేదు. చదువొస్తే గానీ తెలియని సెక్షన్, చదువు లేని తాతకి ఏం ఉపయోగం?

ఇక్కడ మాలో మాకు పడలేదు. ఇద్దరం లైసెన్సు అడగాలి అన్నాం. ఇద్దరం వద్దన్నాం. వద్దన్న ఇద్దరిలో ఒకడి బాబాయికి పండగ వేటలో నాటు తుపాకీ చేతిలోనే పేలి రెండు వేళ్ళు పోయాయి. ఇల్లంతా ఒకే గది, పిల్లలు తిరుగుతుంటారు, తాళం వేసే బీరువా ఎక్కడుంది అని వాడి మాట. అదీ నిజమే. చివరికి ఫోన్ చేసి తాతనే అడిగాం. ఆయన ఏమన్నాడంటే, "తుపాకీ ఒక్కసారి పేలుద్ది, మళ్ళీ మందు కూరేలోగా పంది మీదికొచ్చుద్ది. కుక్క రాత్రంతా మొరుగుద్ది." ఇప్పుడు ఆయన పొలానికి వెదురు దడి కట్టుకున్నాడు, మంచె మీద డబ్బా కొడుతూ పడుకుంటాడు, నెగడు ఆరకుండా చూసుకుంటాడు, మూడు కుక్కలున్నాయి. అయినా పోయినేడు సగం సామలు పందులే తిన్నాయి. నష్టపరిహారం అడగొచ్చని కూడా ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ఆ అర్జీ మేమే రాస్తాం.

మీ ఊళ్ళో పెద్దవాళ్ళు ఇలాంటి కాపలా సంగతులు చెప్పి ఉంటే కామెంట్లో రాయండి. ముఖ్యంగా జోడేఘాట్ వైపు గోండు అన్నలు, భద్రాచలం వైపు కోయ అక్కలు. తుపాకులు తీసుకెళ్ళినప్పుడు ఎవరికైనా కాగితం ఇచ్చారా అనేది తప్పకుండా అడగండి. ఇంకా ఎవరి ఇంట్లోనైనా ఉంటే దయచేసి ఫోటో మాత్రం పెట్టకండి.