రికొట్టా అంటే మళ్ళీ కాచినది

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో చీజ్ అంటే జున్ను అని ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు చిరాకే. ఈనిన గేదె తొలిపాలతో చేసే జున్నెక్కడ, నెలల తరబడి మాగబెట్టే చీజ్ ఎక్కడ! కానీ ఒక్క రికొట్టా విషయంలో మాత్రం ఆ అనువాదం దగ్గరగానే తగిలింది. తమాషా ఏంటంటే, ఇటలీవాళ్ళ లెక్కలో రికొట్టా అసలు చీజే కాదు. పాలను నేరుగా గడ్డకట్టించి చేసిందే వాళ్ళకి చీజ్.

మరి రికొట్టా? పేరులోనే ఉంది సంగతంతా. లాటిన్‌లో రెకోక్టా, అంటే మళ్ళీ కాచినది. గొర్రెపాలు వెచ్చబెట్టి, గొర్రెపిల్ల కడుపులోంచి తీసే రెన్నెట్ కలిపితే కేసీన్ గడ్డకడుతుంది. దాంతో పెకొరినో చీజ్ చేస్తారు. అడుగున మిగిలేది తేట నీళ్ళు. జిమ్ముకెళ్ళేవాళ్ళు డబ్బాల్లో కొనే వే ప్రోటీన్ ఇలాంటి తేటలోదే. రెన్నెట్‌కి లొంగని ఈ ప్రోటీన్లు వేడికి లొంగుతాయి. తేటని మళ్ళీ పొయ్యెక్కించి 80-90 డిగ్రీల దాకా కాస్తే తెల్లటి తరకలు పైకి తేలతాయి. వాటిని తీసి బుట్టలో వడగడితే రికొట్టా. మన జున్నుపాలలో కూడా ఈ రకం ప్రోటీన్లే మెండు. అందుకే తోడూ నిమ్మరసమూ అక్కర్లేకుండా ఆవిరికే గట్టిపడుతుంది.

దీని చరిత్ర చాలా పాతది. పాలు కాచడానికి వాడారని పురావస్తు శాస్త్రవేత్తలు భావించే కంచుయుగపు మట్టిపాత్రలు ఇటలీలో దొరికాయి. బాగ్దాద్ వైద్యుడు ఇబ్న్ బుట్లాన్ 11వ శతాబ్దంలో అరబ్బీలో రాసిన ఆరోగ్యగ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి టాకుయినుం సానిటాటిస్ అయింది. 14వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇటలీలో తయారైన దాని బొమ్మల ప్రతుల్లో రికొట్టా కాచే దృశ్యం కనిపిస్తుంది. పెకొరినో నిలవుంటుంది కాబట్టి దూరపు సంతకి పోయేది. తాజా రికొట్టా నాలుగు రోజుల్లో పాడవుతుంది కాబట్టి కాపరుల దగ్గరే ఉండిపోయేది.

2005లో ఐరోపా సమాఖ్య రికొట్టా రొమానాకి రక్షిత హోదా ఇచ్చింది. దాని ముడిసరుకు లాజియో ప్రాంతపు గొర్రెపాల తేట. అమెరికా షాపుల్లో మాత్రం హోల్ మిల్క్ రికొట్టా అని అమ్ముతారు. పాలనే నేరుగా పులుపుతో విరగ్గొట్టడం, అంటే మన పనీర్‌కి చెల్లెలన్నమాట. రుచి బావుండొచ్చు, నాకు పేచీ లేదు. కానీ ఆ పేరు రుచికి పెట్టింది కాదు, పనికి పెట్టింది. ఎవరో కాపరి, చేతికొచ్చిన చీజ్ చాలనుకోకుండా, పారబోయాల్సిన నీళ్ళని మళ్ళీ పొయ్యెక్కించాడు. ఆ రెండో మంట లేనప్పుడు అది రికొట్టా ఎలా అవుతుంది చెప్పండి?