చండ్ర రాజేశ్వరరావుగారు - సోవియట్ పతనకాలము

1951వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన మాస్కో నగరమున నలువురు భారతీయ కమ్యూనిస్టు నాయకులు స్టాలినుతో సమావేశమైరి. అందు అజయ్ ఘోష్, డాంగే గార్లు ఇతర భాషా ప్రాంతములవారు. తక్కిన ఇరువురును తెలుగువారు. ఒకరు కృష్ణా మండలము మంగళాపురమున జనించిన చండ్ర రాజేశ్వరరావుగారు. వేరొకరు గుంటూరు మండలమునకు చెందిన మాకినేని బసవపున్నయ్యగారు. ఇరువురును 1914లో పుట్టినవారే. ఘోష్‌గారు 1962లోను, డాంగేగారు 1991 మే నెలలోను గతించిరి. కావున 1991 డిసెంబరులో సోవియట్ రాజ్యము అంతరించునాటికి ఆ నలువురిలో ఈ తెలుగువారిరువురు మాత్రమే మిగిలియుండిరి. స్టాలిను మాటను స్వయముగా వినిన వారికే ఆ రాజ్యము కూలుటను బ్రదికియుండి చూడవలసి వచ్చినది.

రాజేశ్వరరావుగారు సంపన్న కర్షక కుటుంబమున పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందును, విశాఖపట్టణపు వైద్య కళాశాలయందును చదివిరి. వైద్యవిద్యను ముగింపక రాజకీయములలో దిగిరి. ఆయనకు ప్రఖ్యాతి తెచ్చినది తెలంగాణ సాయుధ పోరాటము. సుందరయ్యగారి లెక్క ననుసరించి ఆ పోరాటము సుమారు 3,000 గ్రామములకు వ్యాపించినది. పది లక్షల ఎకరముల భూమి పంచబడినది. దాదాపు 4,000 మంది ప్రాణములు గోల్పోయిరి. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు ప్రవేశించి నిజాము ప్రభుత్వమును లొంగదీసిన పిమ్మట, తుపాకి దింపవలెనా, కూడదా అను వివాదము పార్టీలో పుట్టినది. నల్లగొండ నాయకులైన రావి నారాయణరెడ్డిగారు ఇక విరమించుటయే మేలనిరి. రాజేశ్వరరావు, బసవపున్నయ్య గార్లు కొనసాగింపవలె ననిరి. నారాయణరెడ్డిగారి మాట చెల్లలేదు.

చెల్లినది దూరదేశపు మాట. 1950 జనవరిలో కమిన్‌ఫారం పత్రిక చైనా మార్గమును కొనియాడుచు వ్రాయుటతో, అదివరకే ఆ మార్గమును బోధించుచుండిన ఆంధ్రనాయకుల పలుకుబడి పెరిగి, రణదివేగారు తొలగిరి. ముప్పదియారేండ్ల రాజేశ్వరరావుగారు ప్రధానకార్యదర్శియైరి. ఆ ఫిబ్రవరి 11వ తేదీననే సేలం కారాగారమున జరిగిన కాల్పులలో 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు మరణించిరి. వారిలో పెక్కురు మలబారువారు. నాడు ధర్మపురి సేలం జిల్లాలోని తాలూకా. పోరు తెలంగాణమున సాగుచున్నను, దాని వేడి ఈ ప్రాంతపు చెరసాలలను సైతము తాకినదని చెప్పుటకే ఈ ముచ్చట.

పిదప మాస్కో ప్రయాణము. చైనాలోని గెరిల్లాలకు వెనుక సోవియట్ సరిహద్దు అండగా నుండెననియు, భారతదేశమున అట్టి అండ లేదనియు, ఇచ్చటి పోరాటకారులు చుట్టుముట్టబడుదురనియు స్టాలిను వాదించెను. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడినది. ఇంచుమించు ఇదే నిర్ణయమును నల్లగొండ మనిషి మూడేండ్లకు ముందే తెలుగులో చెప్పియుండెను. ఆ మూడేండ్లలో అడవులపాలైనవారి సంగతి తలచినచో, రాజేశ్వరరావుగారి ధైర్యమును శ్లాఘించువారు కూడ ఈ లోపమును కప్పిపుచ్చజాలరు. 1952 ఎన్నికలలో ఆ నారాయణరెడ్డిగారే నల్లగొండనుండి లోక్‌సభకు పోటీచేసి నెహ్రూగారికంటె అధికమైన ఓట్లు పొందిరి. పల్లె ఎవరి మాట వినినదో దానినిబట్టి గ్రహింపవచ్చును.

1955లో ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలు వచ్చినవి. అధికారము తమదేయని కమ్యూనిస్టులు నమ్మిరి. ఆ తరుణమున మాస్కోలోని ప్రావ్దా పత్రిక భారత ప్రభుత్వ విదేశాంగ నీతిని మెచ్చుకొనుచు సంపాదకీయము వ్రాయగా, కాంగ్రెసువారు దానినే ప్రచార సాధనముగా చేసికొనిరి. వందకు 31 వంతుల ఓట్లు వచ్చియు, 196 స్థానములలో కమ్యూనిస్టులకు దక్కినవి 15 మాత్రమే. ప్రత్యర్థు లేకమగుట ముఖ్యకారణమే యైనను, గురువు చేతి కర్ర శిష్యుని వీపుననే పడినదని చెప్పక తప్పదు.

1964లో పార్టీ చీలినది. బసవపున్నయ్యగారు మార్క్సిస్టు పార్టీలో చేరిరి. రాజేశ్వరరావుగారు పాత పార్టీలో నిలిచి, ఆ డిసెంబరున దానికి ప్రధానకార్యదర్శియైరి. ఎదుటి పార్టీకి ప్రధానకార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్యగారు. భారతదేశమందలి రెండు కమ్యూనిస్టు పార్టీలకును ఒకే కాలమున తెలుగువారే సారథులగుట విశేషము. రాజేశ్వరరావుగారు ఆ పదవియందు ఇరువదియైదేండ్లకు పైబడి యుండిరి. సోవియట్ ప్రభుత్వము ఆయనకు లెనిన్ పురస్కార మొసగినది. 1975 నాటి అత్యవసర పరిస్థితిని ఆయన పార్టీ సమర్థించి, 1978లో భటిండా మహాసభయందు ఆ తప్పిదము నొప్పుకొన్నది. తప్పు నంగీకరించుట ఆలస్యమైనను, అంగీకరించుట జరిగినది. డాంగేగారు దానికి సమ్మతింపక 1981లో బహిష్కృతులైరి.

1985లో గోర్బచేవ్ అధికారమునకు వచ్చి సంస్కరణములు ప్రారంభించెను. 1989 నవంబరులో బెర్లిను గోడ కూలినది. హంగరీ, ఇటలీ దేశముల కమ్యూనిస్టు పార్టీలు తమ పేళ్లనే మార్చుకొన్నవి. ఈ ఉప్పెన నడుమ, 1990లో అనారోగ్యముచే రాజేశ్వరరావుగారు పదవి విడువగా ఇంద్రజిత్ గుప్తాగారు ఆ స్థానమునకు వచ్చిరి. 1991 ఆగస్టు 19న మాస్కోలో తిరుగుబాటు జరిగి మూడు దినములలో విఫలమైనది. డిసెంబరు 25న గోర్బచేవ్ పదవీత్యాగము చేసెను. ఆనాటి భారత ప్రధానియు తెలుగువారే. పాములపర్తి వెంకట నరసింహారావుగారును నిజాము నెదిరించిన తరమువారే.

తెలుగు గృహములకు ఈ పతనవార్త పత్రికలవలననే గాక మరియొక విధముగను చేరినది. గోర్కీ, టాల్‌స్టాయి, చెహోవ్ గ్రంథములును, బొమ్మల పిల్లల పుస్తకములును, మాస్కోలో తెలుగున అచ్చయి, విశాలాంధ్రవారి అంగళ్లలో స్వల్పమూల్యమునకు దొరకుచుండెడివి. ఉప్పల లక్ష్మణరావుగారివంటి విద్వాంసులు అచటనే యుండి అనువదించిరి. ఆ పుస్తకములు రాకడ మానినవి. రాజకీయముతో నిమిత్తము లేని పాఠకునకు సైతము తగిలిన నష్టమిది.

ఇన్ని జరిగియు భారతీయ కమ్యూనిస్టు పార్టీలు రెండును పేరు మార్చుకొనలేదు. 1989లో లోక్‌సభయందు వానికి క్రమముగా 12, 33 స్థానములుండగా, తూర్పు ఐరోపా కూలిన పిదప జరిగిన 1991 ఎన్నికలలో 14, 35 లభించినవి. మాస్కో మౌనము వహించినను కూలిరేట్లు, కౌలుభూములు, కరవు సమస్యలు యథాతథముగ నుండెను. వానికి అర్థము చెప్పవలసినవారు ఇచ్చటివారే. 1992 జనవరిలో మార్క్సిస్టు పార్టీ మద్రాసునందును, ఏప్రిల్‌లో రాజేశ్వరరావుగారి పార్టీ హైదరాబాదునందును మహాసభలు జరిపి, ఈ పతనకారణములను చర్చించినవి. నారాయణరెడ్డిగారు కోరినట్టి స్వదేశ విచారమునకు అప్పటికి వేళయైనది. ఆయనయు 1991లోనే కాలధర్మము నొందియుండిరి.

బసవపున్నయ్యగారు 1992 ఏప్రిల్‌లో మరణించిరి. రాజేశ్వరరావుగారు 1994 ఏప్రిల్ 9న దివంగతులైరి. హైదరాబాదు చెంత కొండాపురమున ఆయన పేర వెలసిన ప్రతిష్ఠానమున వృద్ధాశ్రమమును, గ్రంథాలయమును ఏర్పడినవి.