ఎర్త్ ఎక్కడుంది?

ధర్మపురి నుంచి సేలం వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిలో తొప్పూరు ఘాట్ ఉంది. ఈ దారిలో తిరిగే పాత బండి ఏదైనా కరెంటు దోషంతో షెడ్డుకొస్తే, మెకానిక్ తమిళుడైనా తెలుగువాడైనా వాడే మాట ఒకటే: ఎర్త్. రబ్బరు చక్రాల మీద నిలబడ్డ బండికి నేలతో పనేమిటి?

ఆ మాట టెలిగ్రాఫ్ నాటిది. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్, కరెంటు తిరిగిరావడానికి రెండో తీగ అక్కర్లేదనీ నేలే చాలుననీ కనిపెట్టాడు. మోటారు బండిలో ఆ పని ఇనుప బాడీ చేస్తుంది. పేరు మాత్రం మారలేదు. అమెరికావాళ్లు గ్రౌండ్ అంటారు, మనకు బ్రిటిష్ మాటే అంటుకుంది. బ్యాటరీ మైనస్ బాడీకి కలిస్తే నెగటివ్ ఎర్త్. 1960ల దాకా చాలా బ్రిటిష్ కార్లలో ప్లస్సే బాడీకి ఉండేది.

వెనక వైపర్ దగ్గర ఈ ఎర్త్ తరచూ మొరాయిస్తుంది. వెనక డోరు తీసినప్పుడల్లా కీలు పక్క రబ్బరు గొట్టంలో తీగలు వంగి వంగి, పైతొడుగు బాగానే ఉన్నా లోపల తెగుతాయి. లేదా బోల్టు కింద తుప్పు. వైపర్ ఈడుస్తూ తిరుగుతుంది. వైపర్ మోటారు బాడీ నుంచి గీకిన ఛాసిస్ ఇనుము మీదికి విడి తీగ పట్టి చూడాలి. వేగం అందుకుంటే దోషం ఎర్త్‌దే. ఫ్యూజు మార్చి లాభం లేదు.

తెలుగులో ఈ మాట షెడ్డు దాటింది. ఒకరి ఉద్యోగానికి ‘ఎర్త్ పెట్టాడు’ అంటే ఊడగొట్టే ఏర్పాటు చేశాడని. షెడ్డులో ఎర్త్ పెడితేనే బండి బాగుపడుతుంది!