డాలీ పార్టన్ ఇమాజినేషన్ లైబ్రరీ

పుట్టినప్పటి నుంచి ఐదేళ్లు నిండేదాకా పిల్లలకు నెలకో పుస్తకం ఉచితంగా ఇంటికి పంపే పథకం. గాయని డాలీ పార్టన్ 1995లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, తాను పుట్టి పెరిగిన సెవియర్ కౌంటీలో దీన్ని ప్రారంభించారు. ఆమె తండ్రికి చదవడం, రాయడం రాదు. ఎంతో తెలివైన ఆ మనిషికి అక్షరం అందకపోవడమే ఈ పనికి ప్రేరణ. పుస్తకం బిడ్డ పేరు మీదే టపాలో వస్తుంది. తన పేరు చూసుకున్న పసివాడి సంబరం చిన్నదేమీ కాదు. పుస్తకాల ఎంపిక కేంద్ర సంస్థది. పిల్లల నమోదు, నిధుల సేకరణ ఆయా ఊళ్ల గ్రంథాలయాలు, సేవాసంఘాలు చూసుకుంటాయి. పథకానికి అసలు బలం అవే. తర్వాత కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లాండ్‌లకూ విస్తరించింది. పది కోట్లవ పుస్తకాన్ని 2018లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు అందజేశారు.